రెండు మూటల జాకెట్టు ముక్కలు ఉన్నాయి, ఏం కుట్టుకోవచ్చో చెప్పండి

మిషన్ కొత్త:

అందరికీ నమస్తే. కూకట్‌పల్లిలో ఉంటాం. ఎనిమిది నెలల కిందట పక్కింటావిడ ఊరు మారుతూ పాత కాలి మిషన్ చవగ్గా ఇచ్చేస్తే తీసుకున్నాను. తిన్నగా కుట్టడం తప్ప దానికి ఇంకేం రాదు, జిగ్‌జాగ్ లేదు. నాకూ అంతే వచ్చు కాబట్టి మా ఇద్దరికీ సరిపోయింది. ఇది విని మా అత్తయ్యగారు మొన్న ఊరి నుంచి వస్తూ రెండు మూటలు తెచ్చి హాల్లో దించారు. ఒకదాన్నిండా ఇరవై ఏళ్ళుగా పేరంటాల్లో, గృహప్రవేశాల్లో, పెళ్ళిళ్ళలో పెట్టిన జాకెట్టు ముక్కలు, మడత కూడా విప్పలేదు. రెండోదాంట్లో ఆవిడ కుట్టించుకున్న జాకెట్లలో మిగిలిన పీలికలు, పాత చీరల కొంగులు, లంగాల గుడ్డ, వెలిసిపోయిన దుప్పట్లు, అన్నీ కలిపి కుక్కి ఉన్నాయి. "ఊరికే పడున్నాయి, ఏదో ఒకటి కుట్టు" అన్నారు. ఆ ఏదో ఒకటి ఏంటో మాత్రం చెప్పలేదు.

వీడియో చూసి చేతికందిన ముక్కనల్లా ఐదంగుళాల చదరాలుగా కోసి దుప్పటి మొదలుపెట్టాను. నలభై ఎనిమిది చదరాలు కలిపేసరికి ఏ మూలా ఇంకో మూలతో కలవట్లేదు, ఒకచోట ఉబ్బింది, ఒకచోట లాగేసింది. ఉతికితే సర్దుకుంటుందేమో అని ఉతికాను. మధ్యలో ఉన్న ఎర్ర ముక్క తన చుట్టూ ఉన్న ఎనిమిదింటికీ రంగు పూసి పెట్టింది. ప్రస్తుతం అది మంచం కింద ఉంది.

ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయేవి, ఇంట్లో నిజంగా వాడుకునేవి చెప్పండి. పూసలూ అద్దాలూ అతికించి గోడకి తగిలించేవి వద్దు, దులపలేను. ఇంకో మాట, కుట్టేటప్పుడు గుడ్డ కింది వైపు దారం పిచ్చుక గూడులా చుట్టుకుపోతోంది, టెన్షన్ మర అటూ ఇటూ తిప్పి తిప్పి నాకే టెన్షన్ వస్తోంది.

గోదారి అంచు:

అమ్మాయ్, నీ చదరాల తప్పేం లేదు, గుడ్డల తప్పు. నేను రాజమండ్రిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను, ఇరవై రెండేళ్ళయింది, కాబట్టి కొంచెం చనువుగా చెప్తున్నాను, ఏమీ అనుకోకు. రూబియా ముక్క (జాకెట్లకి వాడే నూలు గుడ్డ) పక్కన పాలిస్టర్ ముక్క, దాని పక్కన పట్టు ముక్క పెట్టి కుడితే అవి జన్మలో కలవవు. నూలు గుడ్డ తడిస్తే కుంచించుకుపోతుంది, పాలిస్టర్ అలాగే ఉంటుంది, పట్టు, గుడ్డని అదిమిపట్టే మిషన్ పాదం కింద జారిపోతుంది. అందుకే ముందు మూటలు నేల మీద పోసి మూడు కుప్పలు చెయ్యి. నూలు ఒకటి, సిల్కు జరీ ఒకటి, పాలిస్టరూ నైలాన్ లాంటివి ఒకటి.

చేత్తో పట్టుకుంటే తెలియకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి, చిమటాతో పట్టుకుని స్టవ్ దగ్గర అంటించి చూడు. నూలైతే కాయితంలా కాలి బూడిదవుతుంది. పట్టైతే జుట్టు కాలిన వాసన. పాలిస్టరైతే కరిగి గట్టిగా పూసలా ముడుచుకుంటుంది. కొంగు దగ్గరగా లేకుండా చూసుకో, సింకు పక్కన చెయ్యి. రెండూ కలిసిన గుడ్డలు కూడా ఉంటాయి, కాలిన తర్వాత కొంచెం బూడిద, కొంచెం గట్టి ముద్ద మిగిలితే దాన్ని పాలిస్టర్ కుప్పలోనే వేసెయ్.

తర్వాత నూలు కుప్ప మొత్తం ఒకసారి తడిపి, ఆరేసి, ఇస్త్రీ చెయ్. ఇది బద్ధకించావంటే కుట్టిందంతా మొదటి ఉతుకులోనే ముడతలు పడుతుంది. రంగు పోయే ముక్క ఏదో తెలియాలంటే తెల్ల గుడ్డ తడిపి దాని మీద గట్టిగా రుద్దు. అంటితే ఆ ముక్క విడిగా పెట్టు.

ఇక మొదట కుట్టాల్సింది మసిగుడ్డ. వేడి గిన్నె దించుకునేది. నవ్వకు, దీంట్లో నీకు కావల్సిన పాఠాలన్నీ ఉన్నాయి. నూలు ముక్కలు రెండు, ఎనిమిదంగుళాల చదరం. లోపల పాత టర్కీ టవల్ రెండు పొరలు, అవి ఏడంగుళాలే చాలు, అంచుల దాకా ఉంటే మూలలు లావెక్కి సూది విరుగుతుంది. పై గుడ్డలు రెండూ మంచి వైపులు లోపలికి పెట్టి, టవల్ పొరలు ఒక ముక్క వెనక నాలుగు టాకాలేసి, చుట్టూ అర అంగుళం లోపలికి కుట్టు. ఒక పక్కన మూడంగుళాలు వదిలెయ్. మూలల దగ్గర మిగులు గుడ్డ ఏటవాలుగా కోసి, ఆ సందులోంచి తిరగెయ్, అంచు పొడవునా మళ్ళీ ఒక కుట్టు వేస్తే ఆ సందూ మూసుకుపోతుంది. చివర్న మూల నుంచి మూలకి అడ్డంగా రెండు గీతలు కుట్టు, లేకపోతే ఉతికినప్పుడు టవల్ లోపల ముద్ద కడుతుంది. అరగంట పని. పాలిస్టర్ ముక్క మాత్రం పొరపాటున కూడా వాడకు, లైనింగ్‌గా కూడా వద్దు, వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది.

మొదటిది వంకరగా వస్తుంది. వంకర మసిగుడ్డ కూడా గిన్నె దించుతుంది.

మిషన్ కొత్త:

అక్కా చాలా థాంక్స్. మూడు కుప్పలు చేశాను, మా అత్తయ్యగారు కూడా కూర్చున్నారు. నాలుగో కుప్ప కూడా ఒకటి తయారైంది, ఏ ముక్క ఎవరు పెట్టారో ఆవిడకు గుర్తున్నవి. అవి కోయకూడదట. ఒక ఆకుపచ్చ ముక్కైతే ఆవిడే 2009లో మా పెద్దాడపడుచు గృహప్రవేశంలో పెట్టారట, తిరిగి తిరిగి మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చింది. అది చూసి అరగంట నవ్వుకున్నాం.

కళంకారీ ముక్కలు రంగు అంటుతున్నాయి. ఉప్పు నీళ్ళలో నానబెడితే ఆగుతుందని ఇంటి పక్కనావిడ అంటున్నారు, నిజమేనా?

సందు చివర టైలర్:

మేడమ్, ఉప్పు సంగతి తర్వాత, ముందు మీ దారం గూడు సంగతి. కింది వైపు గూడు కడితే అందరూ బాబిన్ (కింది దారం చుట్టే చిన్న రీలు) మీద పడతారు, కానీ తొంభై పాళ్ళు తప్పు పై దారంలోనే ఉంటుంది. పై దారం, దాన్ని బిగించే టెన్షన్ పళ్ళేల మధ్యకి సరిగ్గా కూర్చోకపోతే వదులుగా వచ్చేసి కింద పోగవుతుంది. మీరు దారం ఎక్కించేటప్పుడు మిషన్ పాదం కిందికి దించి ఉంచుతున్నారనుకుంటా. పాదం దించితే ఆ పళ్ళేలు బిగుసుకుంటాయి, దారం లోపలికి వెళ్ళదు. పాదం పైకెత్తి, దారం మొత్తం తీసేసి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు పై దారం, కింది దారం రెండూ నాలుగంగుళాలు వెనక్కి లాగి పట్టుకుని రెండు మూడు కుట్లు పడ్డాక వదలండి. అప్పటికీ గూడు కడితే షటిల్ తీసి బ్రష్‌తో దుమ్ము దులపండి, పాత మిషన్ అన్నారు కాబట్టి నూలు పీచు గడ్డ కట్టి ఉంటుంది, రెండు చుక్కలు మిషన్ నూనె. కొబ్బరి నూనె వేయకండి, వేసేవాళ్ళు ఉన్నారు, తర్వాత జిడ్డు పట్టి మా దగ్గరికి తెస్తారు.

సూది ఎప్పుడు మార్చారు? మిషన్‌తో పాటు వచ్చిందే అయితే ఇవాళే మార్చండి. నూలు గుడ్డకి 14 నంబరు, మసిగుడ్డ లాంటి నాలుగు పొరలకి 16, పట్టుకీ పల్చటి గుడ్డకీ 11. మందం ఎక్కువున్న చోట కాలితో తొక్కకుండా చక్రం చేత్తో తిప్పండి.

జిగ్‌జాగ్ లేదని బాధపడక్కర్లేదు. గుడ్డ అంచు పోగులు ఊడకుండా రెండుసార్లు కుట్టే పద్ధతి ఉంది. మొదట గుడ్డల మంచి వైపులు బయటికి ఉండేలా పెట్టి పావు అంగుళంలో కుట్టి, మిగులు కత్తిరించి, తిరగేసి, మళ్ళీ లోపలి నుంచి కొంచెం ఎక్కువ వదిలి కుడితే మొదటి అంచు లోపల దాక్కుంటుంది. సంచులకి, గలీబులకి ఇదే చేయండి.

గోదారి అంచు:

ఉప్పు నీళ్ళు నేనూ వేశాను ఎన్నోసార్లు, ఏమీ ఆగలేదు. అద్దకం అప్పుడే సరిగ్గా పట్టకపోతే తర్వాత మన వంటింటి ఉప్పు ఏం చేస్తుంది. నాలుగైదుసార్లు విడిగా చల్లనీళ్ళలో జాడించు, నీళ్ళు తేటగా వచ్చేదాకా. పెడన అచ్చు గుడ్డలు కొన్నయితే రెండు జాడింపులకే ఆగుతాయి, కొన్ని చివరిదాకా వదులుతూనే ఉంటాయి. ఆగనివాటిని ముదురు రంగులతోనే కలుపు, తెల్లదాని పక్కన పెట్టకు, అంతే.

సిరిసిల్ల కోడలు:

అందరూ నూలు గురించే చెప్తున్నారు, అసలు సమస్య పాలిస్టర్ కుప్ప కదా. మా ఊళ్ళో సాంచెల (మరమగ్గాల) మీద నేసేదాంట్లో పాలిస్టర్ చాలా ఉంటుంది, కాబట్టి ఆ ముక్కలకు మా ఇంట్లో కొదవ లేదు. దీన్ని మసిగుడ్డకి వాడలేం, ఒళ్ళు తుడుచుకోలేం, చెమట పీల్చదు. కానీ అరగదు, త్వరగా ఆరిపోతుంది, రంగు పోదు. ఈ మూడు గుణాలూ కావల్సింది ఒక్కటే, గుమ్మం ముందు వేసే కాళ్ళ పట్టా.

రెండంగుళాల వెడల్పు పీలికలు చింపి (కత్తెరతో కోస్తే చేతులు పోతాయి, అంచున గాటు పెట్టి చింపితే చాలావరకు తిన్నగా వస్తుంది), మూడు పీలికలు జడలా అల్లుతూ పోవాలి. పీలిక అయిపోతుంటే ఇంకోదాన్ని కుట్టి కలపాలి. మూడూ ఒకేచోట అయిపోకుండా పొడవులు ఎక్కువ తక్కువ పెట్టుకోండి, లేకపోతే అతుకులన్నీ ఒకే చోట పడి పట్టా మీద బొడిపెలు వస్తాయి. అల్లిన తాడుని నేల మీద చుట్టగా చుట్టి, పక్క పక్క వరుసల్ని గట్టి దారంతో చేతికుట్టు వేసి కలపాలి. ఇక్కడే అందరూ దెబ్బ తినేది, దారం బిగించి లాగుతూ పోతే చుట్ట మెల్లగా అంచులు పైకి లేచి తట్టలా అవుతుంది. నా మొదటి పట్టాలో మా పాప బొమ్మలు వేసుకుంది. నేల మీద పరిచి పెట్టే కుట్టండి, ఒళ్ళో పెట్టుకుని కుట్టకండి, మలుపు తిరిగే చోట తాడుని కొంచెం వదులుగా ఉంచండి. అడుగున చదును ఉండాలంటే అంతే.

గుమ్మానికి సరిపడా పట్టాకి గుడ్డ చాలా పడుతుంది, మీరనుకున్నదానికి మూడింతలు. ఒక సాయంత్రంలో అవదు, వారం టీవీ చూస్తూ చేసే పని. టైల్స్ మీద జారుతుంది, కింద జారకుండా రబ్బరు జాలీ వేయండి, ముఖ్యంగా పెద్దవాళ్ళున్న ఇంట్లో.

ఇంకోటి, అందరూ సంతోషపడే మాట కాదు కానీ చెప్తా. రెండంగుళాల కంటే చిన్న ముక్కలు దాచకండి. దాచినకొద్దీ పేరుకోవడమే తప్ప పనికి రావు. కొందరు దిండ్లలో కూరమంటారు. నేను కూరాను, రాయి అయింది, తల పెట్టలేం. బూరుగు దూదిలో కొంచెం కలిపి కూర్చునే మెత్తలకి వాడొచ్చు, తలగడకి వద్దు.

హుబ్లీ తెలుగు:

మిషన్ కొత్త గారూ, మంచం కింద ఉన్న ఆ నలభై ఎనిమిది చదరాల్ని పారేయకండి. మేం అనంతపురం వాళ్ళం, పాతికేళ్ళుగా హుబ్లీలో ఉంటున్నాం. మన వైపు బొంత అన్నదాన్ని ఇక్కడ కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది వాళ్ళని ఉంటారు, వందల ఏళ్ళ కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి, వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే కౌదులు చూస్తే చదరాల గొడవే ఉండదు. పాత చీర అడుగున పరిచి ఒక మూల నుంచి మొదలుపెడతారు, ఏ ముక్క ఏ ఆకారంలో ఉంటే అలాగే పెట్టి, అంచు లోపలికి మడిచి, చేత్తో దూసిన కుట్టు వేసుకుంటూ అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. కొలత లేదు, మూల కలవడం అన్న మాటే లేదు. చివర్న నాలుగు మూలలా చిన్న గుడ్డలు మడిచి పువ్వుల్లా కుడతారు, అవి లేకపోతే కౌది పూర్తయినట్టు కాదు వాళ్ళకి.

మన అమ్మమ్మల బొంతల్లో పాత నూలు చీరలు మూడు నాలుగు పొరలు పరిచి బొంత సూదితో కుట్టేవాళ్ళు, ముక్కల మీద అంత ధ్యాస ఉండేది కాదు. రెండూ కలపండి. అడుగున పాత చీర, మధ్యలో వెలిసిన దుప్పటి, పైన మీ చదరాలు. ఉబ్బిన చోట మడత పెట్టి కుట్టేయండి, లాగిన చోట విప్పి మీద ఇంకో ముక్క వేయండి. అర అంగుళానికో కుట్టు, వరుసకీ వరుసకీ వేలెడు దూరం. రంగంటిన ఎనిమిది చదరాలు అలాగే వదిలేయండి, ఎవరూ గుర్తుపట్టరు. నెల పడుతుంది, అది ముందే చెప్తున్నా.

చంటిపిల్లలున్న ఇల్లయితే అదే పద్ధతిలో రెండు పొరల చిన్న బొంతలు. దానికి మాత్రం జాకెట్టు ముక్కలొద్దు, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరే కావాలి, పొత్తిగుడ్డలకి కూడా అంతే.

డల్లాస్ పచ్చడి:

ఇక్కడ మాకు రోజూ వాడకంలో ఉన్నది మైక్రోవేవ్ గిన్నె కింద పెట్టే గుడ్డ తొడుగు. పప్పు వేడి చేసి తీస్తే చేతులు కాలకుండా. పదంగుళాల చదరం నూలు ముక్క, దాని వెనక అంతే నూలు దూది పొర లేదా పల్చటి టవల్. ఇలాంటివి రెండు. ఒక్కోదాన్ని సగానికి మడిచి, మడతకి రెండు చివర్లా ఒక్కో చిన్న కుట్టు. అంచు దగ్గర మడత నుంచి అంగుళం లోపలికి ఒక చుక్క, మడత వెంబడి రెండంగుళాల దూరంలో ఇంకో చుక్క, రెంటినీ కలుపుతూ ఏటవాలుగా కుట్టాలి. తర్వాత అడ్డంగా మడిచి అటు రెండు చివర్లా కూడా అలాగే. నాలుగు వైపులా కుట్టాక అదే గిన్నె ఆకారానికి వస్తుంది. రెండు గిన్నెల్నీ మంచి వైపులు లోపలికి ఒకదాంట్లో ఒకటి పెట్టి చుట్టూ కుట్టి, సందు వదిలి తిరగెయ్యడమే.

జాగ్రత్త ఏంటంటే అన్నీ నూలే ఉండాలి, దారంతో సహా. మన దగ్గర దొరికే మిషన్ దారాలు ఎక్కువ పాలిస్టరే, రీలు మీద చూసి కొనండి. జరీ అంచు ముక్క అందంగా ఉందని నేనొకసారి పెట్టాను, లోపల చిటపటలాడుతూ నిప్పురవ్వలు వచ్చాయి, కట్టేసి తీసేసరికి అంగుళం మేర మాడింది. జరీలో లోహం ఉంటుంది కదా, ఆ మాత్రం తట్టలేదు నాకు. ఎక్కువసేపు కూడా పెట్టకండి, ఒకటి రెండు నిమిషాలు వేడి చేసుకోవడానికే, వంటకి కాదు.

మిషన్ కొత్త:

రెండు వారాలయింది, చెప్పడానికి వచ్చాను. పాదం ఎత్తి దారం ఎక్కించాను, గూడు పోయింది!! టైలర్ గారూ, మీరు చెప్పినట్టు సూది మిషన్‌తో వచ్చిందే, తీసి చూస్తే మొన కొక్కెంలా వంగి ఉంది.

మసిగుడ్డలు ఆరు అయ్యాయి. మొదటిది నిజంగానే వంకర. ఐదు పంచేశాను, వంకరది నేను ఉంచుకున్నాను. తర్వాత పెట్టుబడి జాకెట్టు ముక్కలతో కూరగాయల సంచి కుట్టాను. 80 సెంటీమీటర్ల ముక్కలో పదిహేను అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల ఎత్తు ముక్కలు రెండు వచ్చాయి, మిగిలినదాంట్లో నాలుగంగుళాల వెడల్పు పట్టీలు రెండు. టైలర్ గారు చెప్పిన రెండు కుట్ల పద్ధతే. చూడ్డానికి భలే ఉంది, రెండు కిలోల ఉల్లిపాయలు, కిలో బంగాళాదుంపలు వేస్తే మెట్లెక్కుతుండగా ఒక పట్టీ ఊడి వచ్చింది. మూడో అంతస్తు నుంచి కింది దాకా ఉల్లిపాయలే. పల్చటి ప్లాస్టిక్ సంచులు నిషేధం అని పేరుకే కానీ మా బండాయన ఇస్తూనే ఉంటాడు, "అమ్మా, నేనిచ్చే కవరే నయం" అన్నాడు కూడా.

పట్టీ ఎలా కుట్టాలి? ఇంకా పట్టు కుప్ప అలాగే ఉంది.

సందు చివర టైలర్:

పట్టీ సంచి అంచుకి ఒక్క గీత కుట్టి ఉంటారు, అందుకే ఊడింది. పట్టీ చివర ఒకటిన్నర అంగుళం సంచి మీదికి దించి, చుట్టూ చదరంగా కుట్టి, లోపల మూల నుంచి మూలకి ఇంటూ గుర్తు కుట్టండి. జాకెట్టు గుడ్డ పల్చన కాబట్టి ఆ చోట వెనక జీన్స్ ముక్క ఒకటి పెట్టండి, లేకపోతే ఈసారి కుట్టు ఉంటుంది, గుడ్డ చిరుగుతుంది. పట్టీ నాలుగు మడతలు వేస్తేనే బలం, నాలుగంగుళాలది అంగుళం అవ్వాలి. సంచి కూడా ఇంకో ముక్క లోపల వేసి రెండు పొరలు చేయండి, ముక్కలకి మీకు కరువు లేదు కదా.

గోదారి అంచు:

పట్టు కుప్పకి నా ఓటు గుమ్మం తోరణం. మామిడాకు ఆకారంలో కాయితం కత్తిరించుకో, ఆరంగుళాల పొడవు, మధ్యలో రెండున్నర వెడల్పు. ఆకుపచ్చ, పసుపు పట్టు ముక్కలు రెండేసి పెట్టి కుట్టి, వంపుల దగ్గర కుట్టు దాకా వెళ్ళకుండా చిన్న చిన్న గాట్లు పెట్టి తిరగెయ్, గాట్లు పెట్టకపోతే ఆకు ముడుచుకుంటుంది. మధ్య ఈనె లాగా ఒక కుట్టు. జరీ అంచు పట్టీని రెండుగా మడిచి ఆకుల కాడలు దాంట్లో దూర్చి కుట్టేస్తే అయిపోయింది. గోడకి తగిలించేవి వద్దన్నావు కానీ ఇది గుమ్మానిది, పండగ అయ్యాక తీసి దాచుకోవచ్చు. పట్టు జారుతుంది కాబట్టి గుండుసూదులు ఎక్కువ పెట్టి, 11 నంబరు సూదితో, మెల్లగా.

మిషన్ కొత్త:

తోరణం మొదలుపెట్టాను అక్కా, మూడు ఆకులయ్యాయి. నాలుగోదానికి ఆకుపచ్చ సరిపోలేదు. మా అత్తయ్యగారు ఏమీ అనకుండా లోపలికెళ్ళి ఆ గృహప్రవేశం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. అది పట్టు కాదు, రూబియా. కలిపి కుట్టొచ్చా? అది ముందు తడపాలా?

గోదారి అంచు:

తడిపి, ఇస్త్రీ చేసి కుట్టు. రూబియా పైన, పట్టు అడుగున పెట్టు, జారదు. తోరణం ఎటూ ఉతకం కాబట్టి ఇక్కడ ఫర్లేదు.